యాక్సిలరేటర్ తొక్కితే కారు వణుకుతోందా? తిరుపతి, చిత్తూరు కారు ఓనర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కారు వణుకుతోందని షెడ్డుకు వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే రెండు మూడు చోట్ల చూపించి ఉంటారు. ఒకరు టైర్లు మార్చమన్నారని మార్చేస్తారు, ఇంకొకరు అలైన్‌మెంట్ అన్నారని అదీ చేయిస్తారు. డబ్బులు పోతాయి, వణుకు మాత్రం అలాగే ఉంటుంది. ఎందుకంటే ఏం మార్చాలో చెప్పినవాళ్లే గానీ, ఎప్పుడు వణుకుతోందని అడిగినవాళ్లు లేరు. కింద ఉన్న జవాబులన్నీ ఆ ‘ఎప్పుడు’ చుట్టూ తిరిగేవే.

యాక్సిలరేటర్ తొక్కినప్పుడే వణుకుతోంది, కాలు తీయగానే ఆగిపోతోంది. ఏమై ఉంటుంది?

ఇంజిన్ బలం చక్రాల దాకా వెళ్లే దారిలో ఎక్కడో అరుగుదల ఉంది. స్విఫ్ట్, ఐ20, వ్యాగనార్, ఎర్టిగా లాంటి వాటిలో ఇంజిన్ ముందు చక్రాలనే తిప్పుతుంది. వాటిలో మొదటి అనుమానం గేర్‌బాక్స్ పక్కనుండే లోపలి సివి జాయింట్ (చక్రానికి బలం తీసుకెళ్లే కడ్డీ చివరి కీలు) మీద, తర్వాత ఇంజిన్ మౌంటింగ్‌ల (ఇంజిన్‌ను పట్టి ఉంచే రబ్బరు దిమ్మెల) మీద. బొలెరో, స్కార్పియో, ఇన్నోవా క్రిస్టా లాంటి వాటిలో బలం వెనక చక్రాలకు వెళ్తుంది కాబట్టి అక్కడిదాకా బలం తీసుకెళ్లే పొడవాటి కడ్డీ, ప్రొపెల్లర్ షాఫ్ట్ చూడాలి. వణుకుతో పాటు జర్కులు కొడుతూ పికప్ కూడా పడిపోతే ప్లగ్గులు, వాటికి కరెంటు ఇచ్చే కాయిల్స్ దగ్గర మొదలుపెట్టాలి.

ఒక్క మాట గుర్తుంచుకుంటే సగం ఖర్చు తప్పుతుంది. టైర్ల వల్ల వచ్చే వణుకు స్పీడును బట్టి వస్తుంది. మీరు తొక్కుతున్నారా, వదిలేశారా అన్నది టైరుకు పెద్దగా పట్టదు.

మెకానిక్ దగ్గరికి వెళ్లకముందు నేనే ఎలా తెలుసుకోవాలి?

తెల్లవారుజామున బైపాస్ లాంటి సాఫీ రోడ్డు చూసుకోండి. ఘాట్ రోడ్డు మీద ఈ పరీక్షలు వద్దు. పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకోండి, ఆయన రాసుకుంటాడు, మీ కళ్లు రోడ్డు మీదే ఉంటాయి.

ముందు బండి నిలిపి, న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేక్ వేసి ఇంజిన్‌ను మెల్లగా 2,500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దాకా రేజ్ చేయండి. నిలబడి ఉన్నప్పుడే అదిరితే చక్రాలతో పని లేదు, లోపం ఇంజిన్‌లోనో మౌంటింగ్‌లోనో ఉంది. అలా ఏమీ లేకపోతే బయలుదేరి 40, 60, 80 దగ్గర ఎక్కడ వణుకుతోందో చూడండి. వణికే స్పీడు దొరికాక యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయండి. టక్కున ఆగిందా, కాసేపు సాగిందా? తర్వాత అదే స్పీడులో గేర్ మార్చి చూడండి. గేర్ మారినా అదే స్పీడులో వణికితే చక్రం, షాఫ్ట్ వైపు వెళ్లాలి. స్పీడు కాకుండా ఆర్‌పీఎంను బట్టి వణుకు మారుతుంటే ఇంజిన్ వైపు.

చేతికి తెలిసే తేడా ఇంకొకటి ఉంది. చిన్న కారు టైరు ఒక చుట్టుకు సుమారు 1.9 మీటర్లు కదులుతుంది. అంటే 90 స్పీడులో చక్రం సెకనుకు 13 సార్లు తిరుగుతుంది. 3,000 ఆర్‌పీఎంలో ఇంజిన్ సెకనుకు 50 సార్లు తిరుగుతుంది. అందుకే చక్రం వణుకు ఊగుడులా తెలుస్తుంది, ఇంజిన్‌ది సన్నగా జివ్వుమంటుంది.

నడుస్తున్న బండిలో తాళం మాత్రం ఆపకండి. స్టీరింగ్ బిగుసుకుపోతుంది, బ్రేక్ గట్టిపడుతుంది.

నా కారు 80 దాటితే స్టీరింగ్ ఊగుతోంది. కాలు తీసినా పోవడం లేదు.

ఇది యాక్సిలరేటర్ సమస్య కాదు, చక్రం సమస్య. ముందు చక్రాల తేడా స్టీరింగ్‌లో, వెనక చక్రాల తేడా సీటులో తెలుస్తుంది. చక్రం చుట్టూ బరువు సమంగా ఉండేలా బ్యాలెన్సింగ్ చేయించండి. దానికి అయ్యేది వందల్లోనే.

అంతకంటే ముందు చక్రం లోపలి వైపు చూడండి. మామిడి తోటల్లోకి, పొలాల మట్టిదారుల్లోకి వెళ్లి వచ్చిన కార్లకు రిమ్ము లోపల ఎర్రమట్టి పట్టి ఎండిపోయి ఉంటుంది. బయటి నుంచి కడిగితే అది పోదు. వేలితో గీకితే పెచ్చులుగా ఊడుతుంది. ఆ మట్టి ఒక పక్కే ఉంటే చాలు, హైవే ఎక్కగానే స్టీరింగ్ ఊగుతుంది. మట్టి కడిగించకుండా బ్యాలెన్సింగ్ చేయిస్తే, ఆ మట్టి రాలిన రోజు మళ్లీ మొదటికొస్తుంది.

బ్యాలెన్సింగ్ రెండుసార్లు చేయించాను, అయినా అంతే. ఇప్పుడేం చేయాలి?

రిమ్ము వంగిందేమో, టైరుకు పక్కన ఉబ్బు వచ్చిందేమో మెషీన్ మీద తిరుగుతున్నప్పుడే దగ్గరుండి చూడండి. అంచు పైకీ కిందికీ ఎగురుతున్నట్టు కనిపిస్తే బరువులు కొట్టి లాభం లేదు. టైరు వయసు కూడా చూడండి. పక్కన డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. గాట్లు బాగానే ఉన్నా లోపలి పొర విడిపోయిన టైరు మనకు తెలియకుండానే వణికిస్తుంది.

వీల్ నట్లు కూడా చూడండి. నిజానికి వీటినే ముందు చూడాలి. పంక్చర్ వేయించాక లేదా స్టెప్నీ మార్చాక వణుకు మొదలైతే వెంటనే బండి ఆపి నట్లు బిగించుకోండి, ఇంటికి వెళ్లి చూద్దామనుకోవద్దు. నట్లను వరుసగా కాకుండా ఎదురెదురుగా బిగించాలి. ఒక 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి స్పానర్ వేయాలి.

లోపలి సివి జాయింట్ అంటున్నారు. అది పోయిందని ఎలా తెలుస్తుంది?

ముందు చక్రాల కార్లలో గేర్‌బాక్స్ నుంచి ఒక్కో చక్రానికి ఒక యాక్సిల్ వెళ్తుంది. దానికి రెండు చివరలా జాయింట్లు ఉంటాయి. చక్రం వైపు ఉండేది బయటి జాయింట్. అది అరిగితే స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలినప్పుడు టక్ టక్ మంటుంది. ఆ శబ్దం అందరికీ తెలుసు. లోపలిది అలా చప్పుడు చేయదు, అందుకే దొరకదు.

లోపలి జాయింట్‌లో చాలా కార్లకు మూడు రోలర్లు, వాటికి మూడు గాడులు ఉంటాయి. రోడ్డు ఎత్తుపల్లాలకు చక్రం పైకీ కిందికీ ఆడినప్పుడల్లా రోలర్లు ఆ గాడుల్లో ముందుకూ వెనక్కూ జారాలి. ఏళ్ల తరబడి ఒకేచోట ఒత్తిడి పడి గాడిలో చిన్న గుంట ఏర్పడుతుంది. కాలు తొక్కి బలం ఇచ్చినప్పుడు రోలర్ ఆ గుంటలో ఇరుక్కుంటూ, బయటపడుతూ ఉంటుంది. అప్పుడు కారు ముందు భాగం మొత్తం ఎడమకూ కుడికీ ఊగినట్టు అనిపిస్తుంది. రెండో మూడో గేర్‌లో గట్టిగా లాగేటప్పుడు, చడావు ఎక్కేటప్పుడు, నలుగురు కూర్చుని లగేజీ వేసుకున్నప్పుడు బాగా తెలుస్తుంది. కాలు తీస్తే ఏమీ ఉండదు. మెకానిక్ ఒక్కడే ఖాళీ బండితో ఊళ్లో ట్రయల్ కొట్టి ‘ఏం లేదు సార్’ అనేది అందుకే. మీరు కూడా పక్కన కూర్చుని, లోడు ఉన్నప్పుడే చూపించండి.

కింద చూస్తే గేర్‌బాక్స్ పక్కన రబ్బరు బూటు చిరిగి, చుట్టూ నల్లటి గ్రీజు చిమ్మి ఉండొచ్చు. బూటు బాగున్నా లోపల అరిగి ఉండే అవకాశం ఉంది. కాబట్టి బూటు చూసి మాత్రమే తీర్పు చెప్పకూడదు. యాక్సిల్‌ను చేత్తో పట్టుకుని పైకీ కిందికీ, తిప్పే దిశలోనూ ఆడించి రెండు పక్కలా పోల్చి చూడాలి.

ఈ ప్రాంతంలో ఎక్కువగా కనిపించే తప్పు ఒకటి చెప్పాలి. స్పీడ్ బ్రేకర్లకు అడుగు తగులుతోందని చాలామంది ముందు స్ప్రింగుల్లో రబ్బరు బఫర్లు పెట్టిస్తారు. కారు ఎత్తు పెరుగుతుంది, దాంతో యాక్సిల్ వాలు కూడా పెరుగుతుంది. జాయింట్ కొత్తదైనా ఆ వాలులో పనిచేయలేక వణికిస్తుంది. బఫర్లు పెట్టించాకే వణుకు మొదలైతే ఏదీ మార్చకముందు వాటిని తీయించి చూడండి. తీయడానికి పార్టు ఖర్చు కూడా ఉండదు.

జాయింట్ ఒక్కటే మార్చొచ్చా, యాక్సిల్ మొత్తం వేయాలా?

బూటు చిరిగి కొన్నాళ్లే అయి, లోపల ఇసుక చేరకపోతే శుభ్రం చేసి కొత్త గ్రీజు, కొత్త బూటు వేస్తే సరిపోతుంది. గాడిలో గుంట పడి ఉంటే గ్రీజు ఎంత పెట్టినా వృథా. అప్పుడు జాయింట్ విడిగా దొరికితే జాయింట్, దొరకకపోతే యాక్సిల్. ఖర్చు వేలల్లోకి వెళ్తుంది కాబట్టి పాత జాయింట్ విప్పించి ఆ గాడిని మీ గోటితో తడిమి చూడండి. గోరు ఆగితే గుంట ఉన్నట్టే.

ఇంజిన్ మౌంటింగ్ పోతే ఎలా ఉంటుంది?

సిగ్నల్ దగ్గర నిలబడినప్పుడు, ముఖ్యంగా ఏసీ ఆన్ చేసినప్పుడు డ్యాష్‌బోర్డు, సీట్లు అదురుతాయి. బండి కదిలించేటప్పుడు, కాలు ఒక్కసారిగా వదిలినప్పుడు ‘ధన్’ అని ఒక దెబ్బ వినిపిస్తుంది. బానెట్ ఎత్తి, బ్రేక్ తొక్కి పట్టుకుని లోపలి మనిషి క్లచ్ కొద్దిగా వదిలి పట్టుకుంటే, మౌంటింగ్ పోయిన ఇంజిన్ ఒక పక్కకు ఎగిరి లేస్తుంది. చూసేవాళ్లు పక్కన నిలబడాలి, బంపర్ ముందు ఎవరూ ఉండకూడదు. ఎండకు, ఆయిల్ లీకులకు మౌంటింగ్ రబ్బరు పగులుతుంది. మూడింటిలో ఒకటి పోతే మిగతా వాటి మీద భారం పడుతుంది. అయినా మూడూ కలిపి మార్చాల్సిందేనని ఎవరైనా అంటే, ముందు ఒక్కోదాన్నీ చూపించమనండి.

చెక్ ఇంజిన్ లైటు ఆరుతూ వెలుగుతోంది, కొండ ఎక్కుతుంటే జర్కులు కొడుతోంది.

లైటు నిలకడగా వెలగడం వేరు, మెరుస్తూ ఉండటం వేరు. మెరుస్తోందంటే ఏదో సిలిండర్‌లో పెట్రోల్ మండటం లేదు. మండని పెట్రోల్ సైలెన్సర్ వైపు వెళ్లి పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది. అది మార్చాలంటే ప్లగ్గుల ఖర్చుకు ఎన్నో రెట్లు అవుతుంది. కాబట్టి కాలు తగ్గించి, సురక్షితంగా ఆపగలిగే చోట ఆపండి.

కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెడితే పి0300 నుంచి పి0304 మధ్య కోడ్ రావచ్చు. చివరి అంకె సిలిండర్ నంబరు, సున్నా అయితే ఒకే సిలిండర్ అని తేలలేదన్నమాట. పి0302 వచ్చిందనుకోండి, రెండో సిలిండర్ కాయిల్‌ను ఒకటోదానికి, ఒకటోదాన్ని రెండోదానికి మార్చి మళ్లీ నడపాలి. కోడ్ పి0301కి మారితే కాయిల్ పోయింది. రెండు దగ్గరే ఉంటే ప్లగ్గు, ఇంజెక్టర్ చూడాలి. కోడ్ చూడగానే నాలుగు కాయిల్స్ రాసిచ్చే వాళ్లతో ఈ మాట అనండి, చాలాసార్లు బిల్లు తగ్గుతుంది.

చెట్ల కింద, పొలం గట్టున పార్క్ చేసే కార్లకు ఎలుకల బాధ ఒకటి. వైరు సగం కొరికి వదిలేస్తాయి, మామూలుగా బాగానే నడిచి లోడు పడినప్పుడే మిస్ కొడుతుంది. కాయిల్ కొనకముందు వైర్లు తడిమి చూడటం మంచిది.

ఫస్ట్ గేర్‌లో కదిలేటప్పుడు, రివర్స్‌లో మాత్రమే గడగడ వణుకుతోంది.

క్లచ్. ప్లేటు మీద ఆయిల్ పడటమో, వేడికి ఫ్లైవీల్ (క్లచ్ ప్లేటు ఆనుకునే ఇంజిన్ చక్రం) మీద మచ్చలు పడటమో అయ్యుంటుంది. చడావులో హ్యాండ్ బ్రేక్ వేయకుండా హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెట్టే అలవాటు ఉన్నవాళ్లకు ఇది త్వరగా వస్తుంది. అలిపిరి టోల్‌గేట్ క్యూలో అడుగడుగుకూ కదులుతున్నప్పుడు చాలామంది చేసేది ఇదే. క్లచ్ సెట్ మార్చేటప్పుడు ఫ్లైవీల్ ముఖం కూడా చూడమని చెప్పండి, వెనక ఆయిల్ సీల్ లీకు ఉంటే అదీ అప్పుడే వేయించండి. గేర్‌బాక్స్ రెండోసారి దింపడం ఎవరికీ సరదా కాదు.

నాలుగో గేర్‌లో 30 స్పీడులో తొక్కితే గుడగుడ అంటోంది. ఇదీ లోపమేనా?

కాదు. గేర్ తగ్గించండి. అంత తక్కువ ఆర్‌పీఎంలో కాలు అదిమితే ఏ ఇంజినైనా మొత్తుకుంటుంది. మైలేజీ వస్తుందని స్పీడ్ బ్రేకర్ దాటాక కూడా పెద్ద గేర్‌లోనే లాగితే మౌంటింగ్‌లు, క్లచ్ స్ప్రింగులు త్వరగా పోతాయి.

నాది మూడు సిలిండర్ల కారు. కొంచెం వణుకు మామూలేనంటున్నారు, నిజమా?

నిజమే. ఆల్టో కె10, క్విడ్, 1.0 వ్యాగనార్, 2024లో వచ్చిన కొత్త స్విఫ్ట్ లాంటివన్నీ మూడు సిలిండర్లవే. నాలుగు సిలిండర్ల కారు నుంచి మారినవాళ్లకు నిలబడినప్పుడు, తక్కువ ఆర్‌పీఎంలో లాగేటప్పుడు తేడా తెలుస్తుంది. కానీ కొన్నప్పుడు లేని వణుకు తర్వాత వస్తే ‘మూడు సిలిండర్లు కదా’ అనే సమాధానంతో వెనక్కి రావద్దు. అదే మోడల్ ఇంకో కారులో కూర్చుని పోల్చుకోండి.

బొలెరో పికప్‌కు లోడు వేస్తేనే వణుకు వస్తోంది. ఖాళీగా బాగుంటుంది.

దామలచెరువు మండీకి మామిడికాయలు తోలే బండ్లకు సీజన్‌లో ఇది బాగా వచ్చే ఫిర్యాదు. వెనక లోడు పడితే కమాన్ పట్టీలు (వెనక స్ప్రింగులు) దిగుతాయి, దాంతో ప్రొపెల్లర్ షాఫ్ట్ వాలు మారుతుంది. షాఫ్ట్ చివర ఉండే క్రాస్ జాయింట్ అరిగితే, ఖాళీ బండిలో సర్దుకుపోయినా, ఆ వాలులో దొరికిపోతుంది. షాఫ్ట్‌ను చేత్తో తిప్పి చూస్తే క్రాస్ దగ్గర టిక్కుమని ఆట తెలుస్తుంది. చుట్టూ తుప్పు పొడి ఉంటే బేరింగ్ ఎండిపోయిందన్నమాట. షాఫ్ట్ రెండు ముక్కలుగా ఉన్న బండ్లలో మధ్య బేరింగ్ రబ్బరు కూడా చూడాలి.

షాఫ్ట్ విప్పేముందు రెండు వైపులా గుర్తు పెట్టి, అదే గుర్తుకు మళ్లీ బిగించమనండి. గుర్తు లేకుండా తిప్పి బిగిస్తే కొత్త క్రాస్ వేసినా వణుకు మిగిలిపోతుంది. గ్రీజు నిపుల్ ఉన్న వాటికి సీజన్ మొదలవకముందే గ్రీజు కొట్టించుకోవడం చవక.

డీజిల్ కారు లాగేటప్పుడు వణుకుతోంది, పొగ కూడా వస్తోంది.

డీజిల్ ఫిల్టర్ నుంచి మొదలుపెట్టండి. ఫిల్టర్ అడుగున నీళ్లు తీసేసే ఏర్పాటు ఉంటుంది, అది విప్పి చూస్తే సగం కథ తెలుస్తుంది. ఆ తర్వాత టర్బో పైపుల లీకు, చివరికే ఇంజెక్టర్లు. ఇంజిన్ ఆపేటప్పుడు గేర్‌బాక్స్ దగ్గర గలగలమని కొట్టుకుంటుంటే, ఆ కారుకు రెండు పొరల ఫ్లైవీల్ ఉంటే దాన్ని అనుమానించాలి.

ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ వల్ల వణుకు వస్తుందా?

చక్రాలు, యాక్సిల్ వణకడానికి పెట్రోల్‌తో సంబంధం లేదు. జర్కులు కొట్టే రకం వణుకైతే ఇంధనాన్ని అనుమానించొచ్చు. ఇథనాల్ నీళ్లను పీల్చుకుంటుంది కాబట్టి చాలాకాలం కదలకుండా నిలబెట్టిన కారులో, లేదా ట్యాంకులో నీళ్లు చేరినప్పుడు మిస్ కొట్టవచ్చు. ఒక బంకులో కొట్టించిన వెంటనే మొదలైతే ఆ బిల్లు దాచుకోండి. బంకులో ఫిల్టర్ పేపర్ పరీక్ష, డెన్సిటీ చూపించమని అడిగే హక్కు మీకు ఉంది.

ఆటోమేటిక్ కారులో 50, 60 మధ్య గరగరమని రోడ్డు గీతల మీద వెళ్తున్నట్టు ఉంది.

టార్క్ కన్వర్టర్ (క్లచ్ బదులు ఆయిల్‌తో బలం అందించే భాగం) ఉన్న గేర్‌బాక్స్ అయితే, అది లాకప్ పడే (ఇంజిన్‌తో నేరుగా బిగుసుకునే) సమయంలో వచ్చే అదురు ఇలాగే ఉంటుంది. గేర్‌బాక్స్ ఆయిల్ పాతబడి ఉండొచ్చు, కంపెనీ చెప్పిన గ్రేడే పోయించాలి. ఏఎంటీ (మామూలు గేర్‌బాక్స్‌నే తనంతట తాను మార్చే) కార్లలో లోపల ఉండేది మామూలు క్లచ్చే, కాబట్టి పైన క్లచ్ గురించి చెప్పినవన్నీ వాటికీ వర్తిస్తాయి. చడావులో ఆగినప్పుడు ఆటోమేటిక్ బండిని యాక్సిలరేటర్‌తో నిలబెట్టకండి, బ్రేక్ తొక్కండి.

బ్రేక్ వేసినప్పుడు మాత్రమే స్టీరింగ్ కొట్టుకుంటోంది.

బ్రేక్ డిస్కులు. కొండ దిగి వచ్చాక మొదలైతే ఇంకా అనుమానం అక్కర్లేదు. దిగేటప్పుడు చిన్న గేర్‌లో రండి, బ్రేక్ మీదే కాలు ఉంచి దిగకండి.

వణుకు ఉంది, రేపే తిరుమల వెళ్లాలి. వెళ్లొచ్చా?

ఏ వణుకన్నదాన్ని బట్టి ఉంటుంది. చెక్ ఇంజిన్ లైటు మెరుస్తున్నా, నట్లు లూజని తేలినా, టైరుకు ఉబ్బు ఉన్నా, యాక్సిల్ దగ్గర టక్ టక్ గట్టిగా వినిపిస్తున్నా కారు వదిలేసి బస్సెక్కండి. అలిపిరి నుంచి బస్సులకు కొదవ లేదు. మౌంటింగ్ అదురు, బ్యాలెన్సింగ్ తేడా అయితే మెల్లగా వెళ్లి రావచ్చు. వచ్చాక చూపించండి.

పైకి వెళ్లేది 1974లో వచ్చిన రెండో ఘాట్ రోడ్డు, దిగేది 1944 నాటి మొదటిది. పైకి 28 నిమిషాలు, కిందికి 40 నిమిషాల కన్నా ముందు చేరకూడదన్న నిబంధన ఉంది కాబట్టి తొందరపడి లాభం కూడా లేదు. ఎక్కేటప్పుడే వణుకు మొదలైతే ఒక గేర్ తగ్గించి కాలు తేలిక చేయండి, టెంపరేచర్ ముల్లు చూసుకోండి. మలుపులో ఆపొద్దు. రోడ్డు వెడల్పుగా ఉన్నచోట పక్కకు తీసి ఇండికేటర్లు వేసి, వెనక చక్రానికి రాయి పెట్టాకే దిగి చూడండి. బెంగళూరు వైపు వెళ్లేవాళ్లకు మొగిలి ఘాట్‌లో, పీలేరు వైపు వెళ్లేవాళ్లకు భాకరాపేట ఘాట్‌లో ఇదే పద్ధతి.

మెకానిక్‌కు ఏమని చెప్పాలి?

‘వైబ్రేషన్ వస్తోందన్నా’ అని తాళం చేతిలో పెట్టి వెళ్లిపోతే, ఆయన తనకు తెలిసిన వరుసలో మార్చుకుంటూ పోతాడు. ఇలా చెప్పి చూడండి: ‘అన్నా, 50కీ 70కీ మధ్య, మూడో గేర్‌లో గట్టిగా తొక్కితే ముందు భాగం పక్కకు ఊగుతోంది. కాలు తీస్తే ఆగిపోతోంది. నిలబడి రేజ్ చేస్తే ఏం లేదు. పోయిన నెల ముందు స్ప్రింగులకు బఫర్లు పెట్టించినా.’ ఇంత చెబితే తెలిసిన మెకానిక్ టైర్ల వైపు చూడనే చూడడు, నేరుగా బండి కిందికి దూరతాడు. మార్చిన పాత పార్టు డిక్కీలో వేయమని ముందే చెప్పండి.